నోటికాడి కూడులో కాడ్మియం

జపాన్ పడమటి తీరంలో టొయామా అనే సీమ ఉంది. దక్షిణాన ఎత్తయిన కొండలు, ఉత్తరాన సముద్రం, నడుమ వరిమళ్లు. కొండల్లో కరిగిన మంచునీటిని తెచ్చి ఆ మళ్లను తడిపే నదుల్లో జింజు ఒకటి. ఆ నది ఒడ్డున ఫుచూ, దాని చుట్టుపక్కల పల్లెలు. గత శతాబ్దం తొలి దశాబ్దాల నుంచే ఆ పల్లెల ఆడవాళ్లను ఒక జబ్బు పట్టి పీడించింది. ముందు నడుమూ తుంటీ నొప్పి పెట్టేవి. తర్వాత అడుగు తీసి అడుగు వేయడం కష్టమయ్యేది. ఆపైన మంచమే. చివరికి గట్టిగా దగ్గినా, పక్కకు ఒత్తిగిలినా, నాడి చూద్దామని వైద్యుడు చెయ్యి పట్టుకున్నా ఎముక విరిగేది. చనిపోయిన ఒక రోగి దేహాన్ని పరీక్షిస్తే 72 చోట్ల ఎముకలు విరిగి ఉన్నాయి. మనిషి మనిషే కుదించుకుపోయి, పెళ్లినాటి ఎత్తుకూ చావునాటి ఎత్తుకూ పొంతన లేకుండా పోయేది.

నొప్పికి తాళలేక రోగులు రాత్రింబవళ్లు 'ఇటాయ్, ఇటాయ్' అని ఏడ్చేవారు. నొప్పి, నొప్పి అని. 1955లో పత్రికలకెక్కిన నాటి నుంచి ఆ జబ్బుకు ఇటాయ్ ఇటాయ్ అన్న పేరే స్థిరపడింది. జబ్బు పడినవాళ్లలో దాదాపు అందరూ నలభైకి అటూ ఇటూ, ఆపైన వయసున్న స్త్రీలు. నలుగురైదుగురు పిల్లల్ని కని, పొలం పని, ఇంటి పని చేసుకుంటూ వచ్చిన రైతు గృహిణులు.

కారణం తెలియనన్నాళ్లూ తలో మాటా అన్నారు. మంచు పడే చోటు, ఎండ తక్కువ, విటమిన్ డి చాలలేదన్నారు. చాకిరీ ఎక్కువ, తిండి తక్కువ అన్నారు. పూర్వజన్మ పాపమనీ, ఎవరి ఉసురో తగిలిందనీ అన్నవాళ్లూ ఉన్నారు. ఈ చివరి మాట జబ్బుకంటే ఎక్కువ కుంగదీసింది. ఇంట్లో రోగి ఉందని తెలిస్తే ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం రాదు, మగపిల్లాడికి పిల్లనిచ్చేవారుండరు. ఊరి పేరు బయటికి పొక్కితే ఆ ఊరి బియ్యం కొనేవారుండరు. అందుకని లోపలి గదిలో పడుకోబెట్టి, వచ్చినవాళ్లకు కనపడనీయకుండా, ఏడుపు వినపడనీయకుండా దాచారు. ఎముకలు విరిగిన మనిషి ఆ దాపరికాన్ని కూడా మోయాల్సి వచ్చింది.

ఆ తల్లులు చేసిన తప్పేమీ లేదు. ఊరి కాలువ నీళ్లు తాగారు. తమ చేతులతో నాటిన వరి వండుకుని తిన్నారు. ఆ నీళ్లలో, ఆ అన్నంలో కాడ్మియం అనే లోహం ఉంది. అది మడిలోకి ఎలా దిగింది, వరి దాన్ని ఎందుకు రానిచ్చింది, మనిషి ఒళ్లు ఎందుకు ఆపలేకపోయింది అన్న మూడు ప్రశ్నలకూ ఇవాళ శాస్త్రం దగ్గర జవాబులున్నాయి. ఆ జవాబులన్నీ కలిపి చూస్తే తేలేది ఒక్కటే. ఈ విషాన్ని మొక్క ఆపదు, ఒళ్లూ ఆపదు. అది పుట్టిన చోటే ఆపాలి. ఆపుతున్నారో లేదో వెళ్లి చూసే అధికారం దిగువన బతికే ఊరి చేతిలో ఉండాలి.

ఎగువన గని, దిగువన మళ్లు

జింజులో కలిసే తకహారా నది ఒడ్డున, కొండల్లో కామియోకా గని ఉంది. వెండి, రాగి, సీసం కోసం అక్కడ కొన్ని వందల ఏళ్లుగా తవ్వకాలు సాగాయి. 1874లో మిత్సుయ్ సంస్థ అక్కడ కాలుపెట్టి, కొన్నేళ్లలోనే కొండ మొత్తాన్ని చేతిలోకి తీసుకుంది. 20వ శతాబ్దం మొదట్లో జింకు తవ్వకం ఊపందుకుంది. యుద్ధం వచ్చినప్పుడల్లా సీసానికీ జింకుకూ గిరాకీ పెరిగింది, గని నోరు ఇంకా పెద్దదయింది.

జింకు ఖనిజం ఉన్నచోట కాడ్మియం ఉంటుంది. రెండూ ఒకే వర్గానికి చెందిన మూలకాలు కాబట్టి జింకు రాతిలో అక్కడక్కడా జింకు స్థానంలోనే కాడ్మియం కూర్చుంటుంది. అప్పట్లో దానికి గిరాకీ లేదు. వ్యర్థంతో పాటు పోయేది. రాయిని మెత్తగా నూరి, నీళ్లలో నురగ తెప్పించి, ఆ నురగకు అంటుకున్న ఖనిజాన్ని తీసుకునే పద్ధతి వచ్చాక మిగిలే బురద మరీ మెత్తనయింది. గరుకు రాళ్లయితే నది అడుగున ఎక్కడో ఆగిపోతాయి. అంత మెత్తని బురద ఆగదు. నీటితో కలిసి నదిలోకి, నది నుంచి కాలువల్లోకి, కాలువల నుంచి మళ్లలోకి వచ్చి చేరింది. మంచు కరిగే కాలంలోనూ, వరదల్లోనూ ఇంకా ఎక్కువ వచ్చేది. ఎప్పటిదప్పుడు మడి అడుగున పేరుకునేది.

రైతులు దీన్ని చూడలేదని కాదు. కాలువ నీరు మడిలోకి దిగే గండి దగ్గర పైరు గిడసబారేది. నదిలో చేపలు తగ్గాయి. పంట నష్టపోతున్నామని వాళ్లు మొరపెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే ప్రభుత్వం పంపగా జున్ కొబయాషి అనే శాస్త్రవేత్త వచ్చి పొలాలు పరిశీలించాడు. అప్పటికి లెక్కలోకి వచ్చింది పంట నష్టమే. ఆ పంట తింటున్నవాళ్లకు ఏమవుతోందని ఎవరూ అడగలేదు.

గండి దగ్గర పైరు దెబ్బతిన్నా మిగతా మడి బాగానే పండేది. గింజ నిండుగా, అన్నం రుచిగా ఉండేది. రాగి, జింకు వంటివి మట్టిలో మితిమీరితే మొక్కే ముందు వాడిపోతుంది, రైతుకు కళ్లెదుట కనిపిస్తుంది. కాడ్మియం విషయంలో ఆ హెచ్చరిక ఉండదు. మనిషికి చేటు చేసేంత గింజలో చేరినా పైరు పచ్చగానే కళకళలాడుతుంది. చూపుకు గానీ వాసనకు గానీ రుచికి గానీ చిక్కని కీడు ఇది.

వేరు ఎందుకు రానిస్తుంది?

మొక్కకు నత్రజని, భాస్వరం, పొటాష్‌తో పాటు ఇనుము, మాంగనీసు, జింకు, రాగి కూడా రవ్వంత రవ్వంత కావాలి. ఇవి లేకపోతే ఆకుపచ్చదనం ఉండదు, ఎంజైములు పనిచేయవు. అయితే ప్రతి కణం చుట్టూ కొవ్వుతో చేసిన పలచని పొర ఉంటుంది. ఆవేశం ఉన్న లోహపు అయాన్ ఆ పొరను తనంతట తాను దాటలేదు. అందుకని పొరలో అక్కడక్కడా ప్రోటీన్లు వాకిళ్లలా అమరి ఉంటాయి. ఏ వాకిలి ఏ లోహానికో చాలావరకు నిర్ణయమై ఉంటుంది. ఆ గుర్తింపు ముఖ్యంగా ఆవేశాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి, ఏ పరమాణువులతో పట్టు కుదురుతుందన్న దాన్ని బట్టి జరుగుతుంది.

చిక్కంతా అక్కడే ఉంది. మాంగనీసు, ఇనుము, జింకు లాగే కాడ్మియం కూడా రెండు ధనావేశాలతో మట్టినీటిలో తిరుగుతుంది. పరిమాణంలోనూ ఆ వాకిళ్లలో ఇమిడిపోతుంది. కోట్ల ఏళ్ల పరిణామంలో మొక్కలకు కాడ్మియం పెద్దగా ఎదురుపడలేదు. మట్టిలో అది సహజంగా ఉండేది అతి స్వల్పం. కాబట్టి దాన్ని విడిగా గుర్తుపట్టి వెనక్కి పంపే ఏర్పాటు వేరుకు లేదు. పోషకం కోసం తెరిచిన వాకిట్లోంచే విషమూ లోపలికి నడిచి వస్తుంది.

వరిలో ఆ వాకిలి ఏదో 2012లో తేలింది. ఒకయామా విశ్వవిద్యాలయంలో జియాన్ ఫెంగ్ మా బృందం ఎన్‌ర్యాంప్5 అనే ప్రోటీన్‌ను గుర్తించింది. వేరు కణాల పొరలో ఉండి, మట్టిలోంచి మాంగనీసును లోపలికి తీసుకోవడం దాని పని. వరికి మాంగనీసు అవసరం చాలా ఎక్కువ, అందుకే దాని ఎన్‌ర్యాంప్5 కూడా చురుగ్గా పనిచేస్తుంది. ఆ జన్యువును పనిచేయకుండా చేస్తే వరి వేరులోకి కాడ్మియం రావడం దాదాపు ఆగిపోయింది. దానితో పాటు మాంగనీసూ తగ్గింది. రెండూ వచ్చేది ఒకే దారిలో అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

లోపలికి వచ్చాక మొక్క చేతులు ముడుచుకుని కూర్చోదు. గంధకం ఉన్న చిన్న చిన్న ప్రోటీన్ ముక్కల్ని గొలుసుగా అల్లి, వాటితో కాడ్మియంను కట్టిపడేస్తుంది. ఫైటోకెలాటిన్లు అనే ఈ గొలుసుల సంగతి 1985లో బయటపడింది. వేరు కణంలో రసధాని అని ఒక సంచి ఉంటుంది. కాడ్మియంను అందులోకి నెట్టి తాళం వేసే పనిని హెచ్‌ఎంఏ3 అనే ప్రోటీన్ చేస్తుందని 2010లో కనుగొన్నారు. అది సరిగ్గా పనిచేసే వరి రకాల్లో కాడ్మియం చాలావరకు వేరులోనే నిలిచిపోతుంది. కొన్ని ఇండికా రకాల్లో ఆ ప్రోటీన్ లోపభూయిష్ఠంగా ఉంటుంది, అలాంటి వాటిలో విషం కాండానికి ఎక్కి గింజ దాకా పోతుంది. ఒకే పొలంలో పక్కపక్కన నాటిన రెండు రకాల బియ్యంలో కాడ్మియం ఎన్నో రెట్ల తేడాతో ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే.

గింజకు చేరిన కాడ్మియం అక్కడి ప్రోటీన్లతో ముడిపడి తెల్లని పప్పు అంతటా పరుచుకుంటుంది. కాబట్టి మర పట్టి తవుడు తీసేసినా, ఎంత తెల్లగా పాలిష్ చేసినా చాలావరకు అందులోనే ఉంటుంది. కడిగితే పోదు, గంజి వారిస్తే తీరదు.

మడిలో నీళ్లు ఎప్పుడు ఉన్నాయన్నదీ ముఖ్యమే. నీళ్లు నిలబెడితే మట్టికి గాలి ఆడదు, గంధకం కాడ్మియంతో కలిసి కరగని పదార్థమవుతుంది, వేరుకు అందదు. పొట్ట దశ దాటాక గింజ పాలు పోసుకునే వేళ మడి ఆరగడితే మట్టికి గాలి తగిలి కాడ్మియం మళ్లీ కరిగి వేరుకు అందుతుంది. అలాగని ఎప్పుడూ నీళ్లు పెడదామంటే ఆర్సెనిక్ ఉన్న నేలల్లో అది ఇంకో ప్రమాదం. నీళ్లు నిలిచినప్పుడు ఇనుపతుప్పును అంటుకుని ఉన్న ఆర్సెనిక్ విడిపోయి, వరి సిలికాను తీసుకునే దారిలో లోపలికి వస్తుందని 2008లో తేలింది. ఒక విషానికి మూసిన గండి ఇంకో విషానికి తెరుచుకుంటుంది. రైతు నీటి యాజమాన్యంతో కొంత తగ్గించగలడు గానీ, మట్టిలో చేరిన దాన్ని లేకుండా చేయలేడు.

ఆడవాళ్లనే ఎందుకు పట్టింది?

మనిషి పేగుల్లోనూ ఇదే కథ నడుస్తుంది. మనం తిన్న ఇనుమును పేగు గోడ కణాల్లోకి చేర్చే డీఎంటీ1 అనే ప్రోటీన్, మొక్కలోని ఎన్‌ర్యాంప్ కుటుంబానికి చెందినదే. మొక్కకూ మనిషికీ ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చిన వారసత్వం అది. అదీ కాడ్మియంను లోపలికి తీసుకుంటుంది. తిన్న కాడ్మియంలో మామూలుగా ఒంటికి పట్టేది నూటికి అయిదు పాళ్ల దరిదాపు. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగు ఈ ప్రోటీన్లను ఎక్కువగా తయారుచేస్తుంది. అప్పుడు కాడ్మియం అంతకు రెండింతలు, మూడింతలు కూడా పడుతుంది.

జింజు ఒడ్డు తల్లుల్ని ఈ వెలుగులో చూడాలి. నెలనెలా రక్తం పోతుంది. కాన్పు వెనక కాన్పు. కడుపులో బిడ్డకు ఇనుమూ కాల్షియమూ తల్లి ఒంట్లోంచే పోతాయి, పాలిచ్చినన్నాళ్లూ పోతూనే ఉంటాయి. యుద్ధకాలంలో సరైన తిండి లేదు. ఏ ఒంటికి పోషకం ఎక్కువ కావాలో ఆ ఒళ్లే విషాన్నీ ఎక్కువ తీసుకుంది. మగవాళ్లూ అదే అన్నం తిన్నారు, వాళ్ల మూత్రపిండాలూ దెబ్బతిన్నాయి. ఎముకలు విరిగే దశ దాకా ఎక్కువగా వెళ్లింది ఆడవాళ్లే.

పేగు దాటిన కాడ్మియం కాలేయానికి చేరుతుంది. అక్కడ కణాలు మెటల్లోథయోనిన్ అనే ప్రోటీన్ తయారుచేసి దాన్ని కట్టేస్తాయి. ఈ ప్రోటీన్‌ను మొట్టమొదట 1957లో గుర్రం మూత్రపిండంలో కనిపెట్టారు, అదీ కాడ్మియం పట్టుకుని ఉండగా. కట్టేసిన కాడ్మియం కొద్దికొద్దిగా రక్తంలోకి వచ్చి మూత్రపిండాల వడపోతకు చేరుతుంది. వడపోసిన నీటిలోంచి పనికొచ్చే వాటిని తిరిగి లాక్కోవడం మూత్రనాళికల కణాల పని. అవి ఆ ప్రోటీన్‌ను కూడా మేలైన సరుకనుకుని లోపలికి లాక్కుంటాయి. లోపల ప్రోటీన్ అరిగిపోతుంది, కాడ్మియం మిగులుతుంది. దాన్ని బయటికి పంపే మార్గం ఒంటికి దాదాపు లేదు. మూత్రపిండంలో చేరిన కాడ్మియం సగానికి తగ్గాలంటేనే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. రోజూ మూడు పూటలా అన్నం తినేవాళ్లకు పోయేదానికంటే వచ్చేదే ఎక్కువ.

ఆ కణాలు దెబ్బతిన్నాక తిరిగి లాక్కోవాల్సినవన్నీ మూత్రంలో పోతాయి. ప్రోటీన్, చక్కెర, ఫాస్ఫేట్, కాల్షియం. విటమిన్ డి పనికొచ్చే రూపానికి మారేది మూత్రపిండంలోనే కాబట్టి అదీ కుంటుపడుతుంది. ఎముకకు కావలసిన ఖనిజం అందక అది మెత్తబడుతుంది. మెత్తబడిన ఎముక ఒంటి బరువుకే వంగి, చిన్న కుదుపుకే విరుగుతుంది. అన్నం ముద్దతో మొదలైన దారి మంచాన విరిగిన పక్కటెముక దగ్గర ముగుస్తుంది. మధ్యలో ఇరవై, ముప్పై ఏళ్లు గడిచిపోతాయి. అన్నేళ్ల కిందటి తిండికి ఇప్పటి నొప్పికి సంబంధం ఉందని ఎవరికి తోస్తుంది?

పటం గీసిన వైద్యుడు

తోచినవాడు నోబోరు హగినో. 1946లో యుద్ధం నుంచి తిరిగొచ్చి ఫుచూలో తన తండ్రితాతల ఆసుపత్రిని నడపడం మొదలుపెట్టాడు. ఒకే రకం నొప్పితో రోగులు వరసగా రావడం చూశాడు. ముందు ఆయన కూడా పోషకాహార లోపం, అధిక శ్రమ అనే అనుకున్నాడు. తర్వాత రోగుల ఇళ్లను పటం మీద చుక్కలుగా పెడుతూ పోయాడు. ఆ చుక్కలన్నీ జింజు నీరు పారే మళ్ల మధ్యే ఉన్నాయి. పక్కనే ఇంకో నది నీటితో సాగయ్యే ఊళ్లలో జబ్బు లేదు. అక్కడా అదే మంచు, అదే చాకిరీ, అదే పేదరికం. తేడా నీళ్లలో ఉంది.

1957లో గని కాలుష్యమే కారణమని ఆయన బహిరంగంగా చెప్పాడు. గౌరవం దక్కకపోగా నిందలు మిగిలాయి. పల్లెటూరి డాక్టరు పేరుకోసం పాకులాడుతున్నాడన్నారు. ఊరివాళ్లలోనూ కొందరు ముఖం చాటేశారు. బియ్యం అమ్ముడుపోదని, పిల్లల పెళ్లిళ్లు ఆగుతాయని వాళ్ల భయం. ఆ భయాన్ని తప్పుపట్టలేం. బతుకుతెరువు పోతుందని బెదిరినవాళ్లు నిజాన్ని తోసేయడం ప్రతి కాలుష్యపీడిత ఊరిలోనూ జరిగేదే. కాలుష్యం చేసినవాళ్లకు అదే పెట్టుబడి అవుతుంది.

హగినోకు ఇద్దరు తోడయ్యారు. యుద్ధకాలంలో పొలాలు చూసి వెళ్లిన జున్ కొబయాషి అప్పటికి ఒకయామా విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. నీటిలోనూ రోగుల అవయవాల్లోనూ ఎముకల్లోనూ లోహాలు కొలిచి కాడ్మియం పోగుపడి ఉందని చూపించాడు. కిన్‌ఇచి యోషియోకా అనే వ్యవసాయ శాస్త్రవేత్త ఏ కాలువ ఏ పొలానికి వెళ్తుంది, ఏ పొలం బియ్యం ఏ ఇంటికి వెళ్తుంది అన్నది రోగుల లెక్కతో సరిపోల్చాడు. 1961లో కాడ్మియం వాదం వైద్య సభ ముందుకు వచ్చింది. ప్రభుత్వం ఒప్పుకోవడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. 1968 మే 8న ఆరోగ్య శాఖ ఇది కామియోకా గని వదిలిన కాడ్మియం వల్ల వచ్చిన జబ్బేనని ప్రకటించింది. కాలుష్యం వల్ల వచ్చిందని జపాన్ ప్రభుత్వం గుర్తించిన మొదటి జబ్బు ఇదే.

కోర్టు గుమ్మం ఎక్కిన రైతులు

ప్రభుత్వ ప్రకటనకు రెండు నెలల ముందే, మార్చిలో, రోగులూ మృతుల కుటుంబాలూ టొయామా జిల్లా కోర్టులో దావా వేశారు. 1966లో యోషిహిసా కొమత్సు నాయకత్వంలో ఏర్పడిన బాధితుల సంఘం వెనక నిలబడింది. ఆనాటి జపాన్‌లో మిత్సుయ్ అంటే కొండంత సంస్థ. దాని మీద దావా వేసి ఓడితే ఊళ్లో తలెత్తుకోలేమని, ఊరు విడిచి పోవాల్సిందేనని వాళ్లకు తెలుసు. తెలిసే దిగారు. యువ న్యాయవాదులు పెద్దసంఖ్యలో వచ్చి వాళ్ల పక్కన చేరారు.

జపాన్ గనుల చట్టంలో ఒక మేలైన నిబంధన ఉంది. గని వ్యర్థాల వల్ల నష్టం జరిగితే గని యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కర్లేదు. నష్టానికి కారణం గని అని చూపిస్తే చాలు. కాడ్మియం ఒంట్లో ఏ కణంలో ఏం చేస్తుందో చివరి మెట్టు దాకా రుజువు చేయాలని కంపెనీ పట్టుబట్టింది. అప్పటికి వేరు వాకిళ్ల సంగతీ పేగు ప్రోటీన్ల సంగతీ ఎవరికీ తెలియదు. కోర్టు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. ఎవరికి జబ్బు వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఏ నీటి కింద వచ్చింది అన్న లెక్క బలంగా ఉంటే కారణం రుజువైనట్టేనని 1971 జూన్ 30న తీర్పు చెప్పింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 1972 ఆగస్టు 9న పైకోర్టులోనూ ఓడింది.

ఈ తీర్పు విలువను తక్కువ చేయకూడదు. ఎన్‌ర్యాంప్5 దొరికింది 2012లో. పూర్తి శాస్త్రం వచ్చేదాకా ఆగమని కోర్టు చెప్పి ఉంటే, దావా వేసిన తల్లుల్లో ఎవరూ న్యాయం చూసేవారు కాదు.

గెలిచిన మర్నాడే బాధితులు టోక్యోలో కంపెనీ పెద్దలతో కూర్చుని మూడు పత్రాలు రాయించుకున్నారు. ఒకటి మిగతా రోగులకూ పరిహారం ఇస్తామన్నది. రెండోది పాడైన పొలాలను బాగుచేసే ఖర్చు భరిస్తామన్నది. మూడోదే అన్నిటికంటే దూరదృష్టి గలది. బాధితులూ వాళ్లు నియమించుకున్న నిపుణులూ ఎప్పుడు కావాలంటే అప్పుడు గనిలోకి వెళ్లి తనిఖీ చేయవచ్చు, కాగితాలు చూడవచ్చు, ఆ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి. ఆ ఏడాది నుంచి ఊరివాళ్లు ప్రతి సంవత్సరం కొండ ఎక్కి గని చూసి వస్తున్నారు. శాస్త్రవేత్తల్ని వెంటబెట్టుకుని వెళ్లి ఎక్కడ కారుతోందో కనిపెట్టి, దాన్ని సరిచేయించారు. క్రమక్రమంగా నదిలో కాడ్మియం సహజ స్థాయికి దిగింది. 2001లో గనిలో తవ్వకం ఆగిపోయింది, తనిఖీలు ఆగలేదు. పాత వ్యర్థాల కట్టలు ఇంకా అక్కడే ఉన్నాయి మరి.

మట్టి మార్చడానికి 33 ఏళ్లు

నీరు బాగుపడినా మట్టి బాగుపడదు. కాడ్మియం కుళ్లదు, ఆవిరి కాదు, ఎండకు విరగదు. దాదాపు 1,500 హెక్టార్లు కలుషితమైనట్టు ప్రభుత్వం గుర్తించింది. పైమట్టిని తీసి లోతున పూడ్చి, దానిమీద వేరు దిగకుండా గట్టి పొర పరిచి, పైన కొండల నుంచి తెచ్చిన మంచి మట్టి పోశారు. 1979లో మొదలైన పని 2012లో ముగిసింది. 863 హెక్టార్లు తిరిగి సాగుకు వచ్చాయి, మిగిలిన నేల చాలావరకు ఇతర అవసరాలకు పోయింది. ఖర్చు సుమారు 4,070 కోట్ల యెన్‌లు. కొన్ని దశాబ్దాల లాభం కోసం వదిలిన బురదను ఎత్తిపోయడానికి ఒక తరం పట్టింది. తాతల కాలపు సారవంతమైన పైమట్టి పోయి, కొత్త మట్టిని మళ్లీ పొలంగా మార్చుకునే చాకిరీ రైతుల మీదే పడింది.

రోగులుగా అధికారికంగా గుర్తింపు పొందినవాళ్లు దాదాపు 200 మంది. ఈ లెక్క వెనక ఇంకో పెద్ద లెక్క ఉంది. ఎముకలు విరిగే దాకా పోకుండా మూత్రపిండాలు మాత్రం దెబ్బతిన్నవాళ్లను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1970లలో కాడ్మియం వాదమే తప్పని మళ్లీ ఒక ప్రచారం లేచింది, గుర్తింపు నియమాలు బిగుసుకున్నాయి. చివరికి 2013 డిసెంబర్ 17న కంపెనీ క్షమాపణ చెప్పి, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు మనిషికి 6 లక్షల యెన్‌లు ఇచ్చేందుకు ఒప్పుకుంది. మొదటి తీర్పు వచ్చి అప్పటికి 42 ఏళ్లు.

శాస్త్రం తన వంతు చేస్తోంది. జపాన్‌లో ఎంతో ఇష్టంగా తినే కోషిహికారి వరి విత్తనాలను కార్బన్ అయాన్ కిరణాలతో మార్చి, గింజలో కాడ్మియం దాదాపు చేరని రకాన్ని 2012లో సాధించారు. ఇప్పుడు ఇలాంటి రకాలు పొలాల్లోకి వస్తున్నాయి. ఇది నిజమైన మేలు. అయితే ఇది ఇప్పటికే పాడైన నేలకు మందు మాత్రమే. వరి వాకిలి మూసినంత మాత్రాన ఆ మట్టిలో పండే కూరగాయలకూ గడ్డికీ ఆ వాకిలి మూతపడదు.

మన వాగులు, మన కాలువలు

ఈ కథ మనకు దూరం కాదు. ఇప్పటి సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు చుట్టూ 1970ల నుంచి పరిశ్రమలు వచ్చాయి. వాటి నీరు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి దిగింది. వాగు నీటితో వరి పండించుకున్న ఊళ్లు పంటా బావులూ పోగొట్టుకున్నాయి. 1990లో ఈ బాధ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఆ వ్యాజ్యం దశాబ్దాలు నడిచింది. స్థానిక వైద్యుడు అల్లాని కిషన్‌రావు ఈ పోరాటంలో ఏళ్ల తరబడి ముందు నిలబడ్డారు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ ప్రాంతపు మట్టిలో ఆర్సెనిక్, క్రోమియం వంటి లోహాలు సహజ స్థాయిని మించి ఉన్నట్టు 2001లో ప్రచురించారు. హైదరాబాద్ దిగువన మూసీ నీటితో ఆకుకూరలు, పశువులకు గడ్డి, వరి పెంచుతున్నారు. ఆకుకూరలు లోహాలను ఆకుల్లోకి బాగా చేర్చుకునే మొక్కలు.

మన తిండి బియ్యం. మన ఆడవాళ్లలో చాలామంది ఒంట్లో ఇనుము చాలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనతను మనం నీరసం సంగతిగానే చూస్తున్నాం. మట్టిలో లోహాలున్న ఊళ్లో అది అంతకంటే పెద్ద సంగతి. ఇనుము కోసం తహతహలాడే పేగు అన్నంలో ఉన్న కాడ్మియంను ఎక్కువగా రానిస్తుంది. కాబట్టి అలాంటి ఊళ్లో గర్భిణికి అందే ఇనుము మాత్ర రక్తం పట్టడానికే కాదు, విషం తగ్గడానికీ పనికొస్తుంది. ఆ మాత్ర అందేలా చూడటం, మింగేలా చూడటం ఆరోగ్య శాఖ చేయగలిగిన, ఇప్పుడే చేయాల్సిన పని.

దానితో ఆగకూడదు. పరిశ్రమల దిగువ ఊళ్లలో కాలువ నీళ్లే కాకుండా బియ్యం, ఆకుకూరలు, పాలు ఏటా పరీక్షించాలి. వాగు నీళ్లు తేటపడ్డా మడి అడుగున లోహం ఉండొచ్చని జింజు చూపించింది కాబట్టి మట్టి పరీక్ష లేని నీటి పరీక్ష సగం పరీక్షే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పాలిష్ బియ్యానికి పెట్టిన హద్దు కిలోకు 0.4 మిల్లీగ్రాముల కాడ్మియం. ఆ హద్దు దాటిన పొలం ఉంటే దాని నష్టపరిహారం, ఆ రైతు గౌరవం ముందుగా కాపాడి తర్వాత పేరు ప్రకటించాలి. లేకపోతే ఫుచూలో జరిగినట్టే ఊరు తన కష్టాన్ని తానే దాచుకుంటుంది. ఫలితాలు పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, జింజు రైతులు 1972లో రాయించుకున్న మూడో పత్రం. ఫ్యాక్టరీ తనిఖీ మనకు అధికారుల పని. ముందే కబురందే తనిఖీలో ఏం దొరుకుతుందో దిగువ ఊళ్లకు తెలుసు. గ్రామసభ ఎంచుకున్న మనుషులు, వాళ్లు నమ్మిన శాస్త్రవేత్తలు, చెప్పకుండా లోపలికి వెళ్లి చూసే హక్కు, ఖర్చు ఫ్యాక్టరీది. అనుమతి పత్రంలోనే ఈ షరతు రాయాలి. ఇది అత్యాశ కాదు. అర్ధశతాబ్దంగా ఒక ఊరి రైతులు దాన్ని చేసి చూపిస్తున్నారు, వాళ్ల నది దానివల్లే తేరుకుంది. వరి వేరుకు మాంగనీసూ కాడ్మియమూ ఒకేలా కనిపిస్తాయి. కడుపులో పేగుకు ఇనుమూ కాడ్మియమూ అంతే. తేడా తెలుసుకోగలిగింది మనిషి ఒక్కడే కాబట్టి, కాపలా కూడా మనిషే కాయాలి. ఆ కాపలా హక్కును ఊళ్లకు ఇవ్వాలని అడగడం నక్కవాగు రైతుకూ, మూసీ రైతుకూ, ఆ పంట తినే మనందరికీ కూడు కోసం చేసే న్యాయమైన డిమాండు.